వ్యూస్ అంకెను చదవడం ఎలా?



వీడియో పెట్టిన ఎవరినైనా ఇవాళ మనం అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఎన్ని వ్యూస్ వచ్చాయి?" పాట పాడిన అమ్మాయినీ అదే అడుగుతాం. పత్తిలో పురుగు నివారణ చెప్పిన వ్యవసాయాధికారినీ అదే అడుగుతాం. ట్రైలర్ విడుదల చేసిన నిర్మాతనీ అదే అడుగుతాం. పాట ఎలా ఉంది, పురుగు పోయిందా, సినిమా మీద ఆసక్తి పుట్టిందా అన్న ప్రశ్నలు ఆ తర్వాత వస్తాయి. ఒక్కోసారి అసలు రావు. లక్ష దాటితే గొప్పవాడు, వెయ్యి దగ్గర ఆగిపోతే పనికిరానివాడు అన్నట్టుగా మన మాటతీరు తయారైంది. ఆ అంకె చూసి మనసు విరిగి మానేసిన పిల్లలున్నారు. ఆ అంకె కోసం తమకు చేతనైన మంచి పని వదిలేసి, తమకే నచ్చని వీడియోలు చేస్తున్నవాళ్లూ ఉన్నారు.

అందుకే ఈ ప్రసంగంలో ఆ అంకె గురించే మాట్లాడతాను. అది ఎలా పుడుతుంది, దేన్ని లెక్కపెడుతుంది, దేన్ని వదిలేస్తుంది, దాని పక్కన పెట్టుకుని చూడవలసిన మిగతా అంకెలేమిటి, ఇవన్నీ చూద్దాం. నా అభిప్రాయం మాత్రం ముందే చెబుతాను. వ్యూస్ అంకె అబద్ధం చెప్పదు. కాకపోతే అది చాలా చిన్న విషయానికి సాక్షి. ఆ సాక్షి చేత మనం పెద్ద పెద్ద మాటలు చెప్పిస్తున్నాం.

తెలుగువాళ్లకు ఇలాంటి లెక్కల పట్టింపు కొత్త కాదు. ఒకప్పుడు సినిమా విజయాన్ని ఆడిన రోజులతో కొలిచేవాళ్లం. 50 రోజులు, 100 రోజులు, రజతోత్సవం. ఎన్ని కేంద్రాల్లో శతదినోత్సవం జరుపుకుందన్నది అభిమానుల మధ్య పెద్ద వాదన. ఆ కొలతకు మొదట్లో అర్థం ఉండేది. జనం వస్తేనే కదా హాలు యజమాని సినిమాను ఉంచేది! కానీ 100 రోజుల పోస్టర్ పరువు ప్రతిష్ఠల విషయమయ్యాక, జనం పల్చబడినా రోజుకు ఒక ఆటయినా వేయించి రోజులు నింపడం మొదలైంది. దాంతో ఆ లెక్క విలువ పోయింది. తర్వాత కలెక్షన్ల లెక్క వచ్చింది. ఇప్పుడు 24 గంటల్లో ట్రైలర్‌కి ఎన్ని వ్యూస్ అన్న లెక్క నడుస్తోంది. ఆర్థికశాస్త్రంలో దీనికొక సూత్రమే ఉంది. 1975లో చార్ల్స్ గుడ్‌హార్ట్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త ద్రవ్య విధానం గురించి రాస్తూ గుర్తించిన సంగతి అది. ఏ కొలతనైనా మనం గమ్యంగా పెట్టుకున్న క్షణం నుంచి అది మంచి కొలతగా పనికిరాకుండా పోతుందని ఆ సూత్రం సారాంశం. వ్యూస్ కథంతా ఈ సూత్రానికి ఉదాహరణే.

ముందుగా, వ్యూ అంటే ఏమిటి? ఎవరో చూశారని అర్థం, ఇందులో అడగడానికేముంది అనిపిస్తుంది. నిజానికి ఇది ఒక్కో సంస్థ తనకు తోచినట్టు పెట్టుకున్న నిర్వచనం. పెట్టుకున్నదాన్ని తనే మార్చుకుంటూ ఉంటుంది కూడా.

యూట్యూబ్‌లో తొలి వీడియో 2005 ఏప్రిల్ 23న వచ్చింది. ఆ తొలి రోజుల నుంచి యూట్యూబ్ చూసేవాళ్లకు ఒక వింత గుర్తుండే ఉంటుంది. కొత్త వీడియో ఏదైనా బాగా ఆడుతుంటే, దాని వ్యూస్ సరిగ్గా 301 దగ్గర ఆగిపోయేవి. లైకులు వేలల్లో ఉన్నా అంకె కదిలేది కాదు. కారణం ఇదీ. కొద్దిపాటి వ్యూస్‌లో ఎవరైనా మోసం చేసినా నష్టం లేదు కాబట్టి 300 దాకా యూట్యూబ్ వెంటనే కలిపేసేది. ఆ పైన వచ్చేవి మనుషులు చూసినవా, యంత్రాల చేత చూపించినవా అని పరిశీలించాకే కలిపేది. ప్రోగ్రాంలో "300 కన్నా తక్కువైనా, సమానమైనా" అని రాసి ఉండటంతో మరొకటి కలిసి 301 దగ్గర నిలిచేది. 2015లో ఈ పద్ధతి తీసేశారు. పరిశీలన మాత్రం ఆగలేదు. అందుకే ఇప్పటికీ అంకె ఒక్కోసారి నెమ్మదిస్తుంది, ఒక్కోసారి కొంత తగ్గుతుంది కూడా. మన కళ్ల ముందున్న అంకె వెనక ఒక వడపోత జరుగుతోందని అర్థం.

ఇక మిగతా సంస్థల సంగతి. ఫేస్‌బుక్ చాలాకాలం 3 సెకన్లు నడిస్తే ఒక వ్యూ అని లెక్కవేసింది. ఫోన్‌లో వేలితో పైకి జరుపుతూ పోతుంటే వీడియో దానంతటదే మొదలవుతుంది. మనం దాన్ని దాటి వెళ్లేలోపు 3 సెకన్లు అయిపోవచ్చు. ట్విటర్ 2022 డిసెంబరులో ప్రతి ట్వీటు కింద వ్యూస్ చూపించడం మొదలుపెట్టింది. ట్వీటు తెర మీదికి వస్తే చాలు, అది ఒక వ్యూ. రాసినవాళ్లు తమ ట్వీటును తాము చూసుకున్నా అందులో కలుస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ 2024 ఆగస్టులో రీల్, ఫొటో, స్టోరీ అన్నిటికీ ముఖ్యమైన కొలత వ్యూసే అని ప్రకటించింది. అక్కడ రీల్ మొదలైనా వ్యూయే, మళ్లీ తిరిగి మొదలైనా వ్యూయే.

యూట్యూబ్ షార్ట్స్ కథ ఇంకా చెప్పుకోదగ్గది. ఇదివరకు షార్ట్‌ను కొన్ని సెకన్లయినా చూస్తేనే వ్యూగా లెక్కించేవారు. 2025 మార్చి 31 నుంచి ఆ నియమం ఎత్తేశారు. వీడియో మొదలైతే వ్యూ, తిరిగి ఆడితే మరో వ్యూ. ఆ రోజు నుంచి ఎంతోమంది షార్ట్స్‌కు వ్యూస్ పెరిగాయి. వాళ్ల వీడియోలు రాత్రికి రాత్రి బాగుపడ్డాయా? లేదు. కొలబద్ద మీది గీతలు జరిగాయి. పాత లెక్కను యూట్యూబ్ పారేయలేదు. దాన్ని "ఎంగేజ్డ్ వ్యూస్" పేరుతో వీడియో చేసినవాళ్లకు లోపల చూపిస్తోంది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. డబ్బు చెల్లించే దగ్గర యూట్యూబ్ ఇప్పటికీ ఆ పాత, గట్టి లెక్కనే వాడుతోంది. ప్రపంచానికి చూపే అంకె ఒకటి, జేబులోంచి డబ్బు తీసేటప్పుడు చూసుకునే అంకె మరొకటి. ఏ అంకెకు ఎంత విలువివ్వాలో ఆ సంస్థ తన చేతలతోనే చెబుతోంది.

కాబట్టి ఒకే నిమిషం వీడియోను నాలుగు చోట్ల పెట్టి, "అక్కడ లక్ష వచ్చాయి, ఇక్కడ ఇరవై వేలే వచ్చాయి" అని పోల్చుకోవడంలో అర్థం లేదు. నాలుగు చోట్లా లెక్కపెడుతున్నవి నాలుగు వేర్వేరు సంగతులు.

రెండో విషయం. వ్యూ అంటే మనిషి కాదు. దీనికి తిరుగులేని రుజువు చిన్నపిల్లల పాటలోనే ఉంది. ఒక కొరియా సంస్థ చేసిన "బేబీ షార్క్" పాట 2022 జనవరిలో 1,000 కోట్ల వ్యూస్ దాటింది. యూట్యూబ్ చరిత్రలో ఆ సంఖ్య చేరిన మొదటి వీడియో అదే. ఆ నెలలో ప్రపంచ జనాభా ఇంకా 800 కోట్లకు కూడా చేరలేదు. పుట్టిన పసికందు నుంచి పండుముసలి దాకా అందరూ ఒక్కోసారి చూసినా ఆ అంకె రాదు. అన్నం తినిపించేందుకు తల్లులు, తండ్రులు, తాతమ్మలు అదే పాటను పదేపదే పెడితే వచ్చిన అంకె అది. ఆ పాటను పిల్లలు ఇష్టపడ్డారన్నది నిజమే. ఎంతమంది పిల్లలు అన్నది మాత్రం ఆ అంకెలో లేదు.

వ్యూస్ మీద ప్రపంచానికి మోజు పెంచింది మరో కొరియా పాట, "గంగ్నమ్ స్టైల్". 2012 డిసెంబరులో 100 కోట్ల వ్యూస్ అందుకున్న తొలి వీడియో అయింది. 2014 డిసెంబరు నాటికి అది 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 అనే హద్దును దాటబోయింది. అప్పట్లో యూట్యూబ్ వ్యూస్ లెక్కకు వాడుతున్న కంప్యూటర్ పద్ధతిలో పట్టగలిగిన అతి పెద్ద సంఖ్య అదే. సంస్థ లెక్కపెట్టే పద్ధతినే మార్చి, ఎన్నో రెట్లు పెద్ద సంఖ్యలు పట్టేలా చేసింది. సంఖ్య ఎంత పెద్దదైతే అంత ఘనత అన్న భావన మనలో నాటుకుపోయింది ఇలాంటి వార్తల వల్లే.

ఆశ్చర్యం ఏమిటంటే, జనం ఇలా వ్యూస్ చూసి మురిసిపోతున్న ఆ 2012లోనే యూట్యూబ్ లోపల వ్యూస్ మీద నమ్మకం సడలింది. అప్పటిదాకా ఎక్కువ క్లిక్కులు వచ్చిన వీడియోనే అది నలుగురికీ ముందుకు తెచ్చి చూపించేది. ఫలితం ఊహించుకోవచ్చు. వీడియోలో లేనిదాన్ని థంబ్‌నెయిల్‌లో చూపించి, శీర్షికలో ఊరించి క్లిక్కు రాబట్టేవాళ్లు పైకొచ్చారు. చూసేవాళ్లు లోపలికి వెళ్లి, అక్కడేమీ లేదని పది సెకన్లలో బయటికొచ్చేవారు. అయినా లెక్కలో అది ఒక వ్యూ. ఇది గమనించి యూట్యూబ్ ఆ ఏడాది పద్ధతి మార్చింది. ఎంతమంది నొక్కారన్నదాని బదులు ఎంతసేపు చూశారన్నదానికి, అంటే వాచ్ టైమ్‌కి, ప్రాధాన్యమిచ్చింది. ఆ మార్పు చేయగానే మొత్తం వ్యూస్ 20 శాతం పడిపోయాయని ఆ విభాగాన్ని నడిపిన క్రిస్టోస్ గుడ్రో తర్వాత స్వయంగా రాశారు. లాభం కోసం నడిచే ఒక సంస్థ అంత తగ్గుదలను తెలిసి తెలిసి ఒప్పుకుందంటే, వ్యూస్ మీద దానికున్న అనుమానం ఎంతటిదో అర్థమవుతుంది.

వాచ్ టైమ్‌తో కూడా కథ ముగియలేదు. మనిషి ఒక వీడియోను చివరిదాకా చూసి, చూశాక "అనవసరంగా సమయం పోగొట్టుకున్నాను" అనుకోవచ్చు. అందుకని యూట్యూబ్ చూసినవాళ్లనే అడగడం మొదలుపెట్టింది. ఈ వీడియోకు ఎన్ని నక్షత్రాలిస్తారు అని మధ్యమధ్య కనిపించే ప్రశ్న ఆ పనికోసమే. క్లిక్కు నుంచి సమయానికి, సమయం నుంచి సంతృప్తికి ఆ సంస్థ వెతుకులాట సాగింది. మనం మాత్రం ఇంకా మొదటి మెట్టు మీదే కూర్చుని, వ్యూస్ ఎన్ని అని అడుగుతున్నాం.

క్లిక్కు కోసం తప్పుడు థంబ్‌నెయిల్ పెట్టడం చిన్న తప్పేం కాదు. దాని బరువు మోసేవాళ్లు వేరే ఉంటారు. 2023 మార్చిలో సీనియర్ నటుడు కోట శ్రీనివాసరావు గారు చనిపోయారన్న పుకారు సామాజిక మాధ్యమాల్లో పాకింది. అప్పటికి ఎనభై ఏళ్లు దాటిన ఆ మనిషి, తాను బతికే ఉన్నానని వీడియో చేసి చెప్పుకోవలసి వచ్చింది. బతికున్న మనిషి చేత ఆ మాట చెప్పించిన సంస్కృతి ఏదైనా సరే, మనం తలదించుకోవలసిందే. ఇలాంటి పుకారును నొక్కి చూసిన ప్రతి క్లిక్కూ ఏదో ఒక చానెల్‌కు వ్యూగా జమవుతుంది. ఆ వ్యూకూ, ఒక మంచి పాఠానికి వచ్చిన వ్యూకూ అంకెలో తేడా కనిపించదు. రెండూ ఒకటే విలువ. వ్యూస్ అంకెలో నాకు కనిపించే అతి పెద్ద లోపం ఇదే. అభిమానంతో చూసినా, ఆందోళనతో చూసినా, మోసపోయి చూసినా, అసహ్యంతో చూసినా అది అన్నిటినీ ఒకే రాశిలో పోస్తుంది.

లెక్క తప్పితే ఏమవుతుందో కూడా ప్రపంచం ఒకసారి చూసింది. 2016 సెప్టెంబరులో ఫేస్‌బుక్ ఒక పొరపాటును ఒప్పుకుంది. ఒక వీడియోను సగటున ఎంతసేపు చూస్తున్నారో ప్రకటనదారులకు చెప్పేటప్పుడు, 3 సెకన్లకన్నా తక్కువ చూసి వెళ్లిపోయినవాళ్లను లెక్కలోకి తీసుకోలేదు. అంటే మొత్తం సమయాన్ని పంచేటప్పుడు తలలు తగ్గించి పంచారు. తలలు తగ్గితే తలా వచ్చే వాటా పెరుగుతుంది కదా! అలా సగటు 60 నుంచి 80 శాతం దాకా ఎక్కువ కనిపించిందని అప్పట్లో బయటపడింది. ప్రకటనదారులు కోర్టుకెక్కారు. తప్పేమీ చేయలేదంటూనే 2019లో ఫేస్‌బుక్ 4 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. ఆ సంవత్సరాల్లోనే అమెరికాలో ఎన్నో వార్తా సంస్థలు, జనం చదవడం మాని వీడియోలు చూస్తున్నారన్న నమ్మకంతో, రాసేవాళ్లను తగ్గించి వీడియోల వైపు మళ్లాయి. 2017లో ఫాక్స్ స్పోర్ట్స్ వెబ్ విభాగం, మైక్, ఎంటీవీ న్యూస్ వంటి చోట్ల రచయితల ఉద్యోగాలు పోయాయి. ఆ నిర్ణయాలన్నిటికీ ఈ ఒక్క లెక్కే కారణమనడం న్యాయం కాదు. కానీ వీడియో అంకెల మీద అందరికీ ఉన్న అతి నమ్మకం ఆ గాలికి తోడైంది. కొలత తప్పితే కోల్పోయేది అంకెలు కాదు, మనుషుల బతుకుతెరువు.

ఇక కొనుక్కునే వ్యూస్. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి యంత్రాలతో, దొంగ ఖాతాలతో వ్యూస్ అమ్మే వ్యాపారం. అది పచ్చి మోసం. యూట్యూబ్ నియమాలకు విరుద్ధం, పట్టుబడితే వీడియో తీసేస్తారు. రెండోది చట్టబద్ధమైన ప్రకటన. మీ పాటను ప్రకటనగా ఇతర వీడియోల ముందు నడిపించడానికి యూట్యూబ్‌కే డబ్బు కట్టవచ్చు. తప్పేమీ లేదు. అయితే అలా వచ్చిన వ్యూస్‌ను "జనం వెతుక్కుని వచ్చి చూశారు" అని చెప్పుకోవడం మాత్రం సరికాదు. కొన్ని సంగీత వీడియోలు ప్రకటనల బలంతో 24 గంటల రికార్డులు చెప్పుకోవడం వివాదమయ్యాక, 2019 సెప్టెంబరులో యూట్యూబ్ నియమం మార్చింది. తొలి 24 గంటల రికార్డుల లెక్కలో ప్రకటనల ద్వారా వచ్చిన వ్యూస్‌ను పక్కన పెట్టేసింది. జనం సొంతంగా వచ్చి చూసినవే లెక్కలోకి వస్తాయని తేల్చింది. మన దగ్గర ట్రైలర్ రికార్డుల గురించి గొంతు చించుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ తేడాను గుర్తుంచుకుంటే చాలా గొడవలు తగ్గుతాయి. పైగా అభిమానులే పదిసార్లు తిప్పి తిప్పి చూసిన ట్రైలర్ వ్యూస్, పది మంది కొత్త ప్రేక్షకులు టికెట్టు కొంటారన్న హామీ ఇవ్వవు.

అయితే ఏం చూడాలి? వీడియోలు చేస్తున్నవాళ్ల కోసం ఇది కాస్త నిదానంగా చెబుతాను.

మన ఊరి వారపు సంతను ఒకసారి తలుచుకోండి. ఒక దుకాణం ముందు నుంచి వెయ్యి మంది నడిచి వెళతారు. అందులో కొందరు ఆగి సరుకు వైపు చూస్తారు. వాళ్లలో కొందరు చేత్తో పట్టుకుని, బేరమాడి, కొంటారు. కొన్నవాళ్లలో కొందరు మళ్లీ వారం అదే దుకాణానికి వెతుక్కుంటూ వస్తారు. ఈ నాలుగూ నాలుగు వేర్వేరు లెక్కలు. వీడియో చేసినవాళ్లు తమ లెక్కలు చూసుకునే యూట్యూబ్ స్టూడియోలో ఈ నాలుగూ ఉన్నాయి. వీడియో థంబ్‌నెయిల్ ఎన్నిసార్లు చూసేవాళ్ల తెర మీద కనిపించిందో చెప్పేవి ఇంప్రెషన్స్. కనిపించినప్పుడు నూటికి ఎంతమంది నొక్కారో చెప్పేది క్లిక్ త్రూ రేట్. నొక్కినవాళ్లు సగటున ఎంతసేపు ఉన్నారో చెప్పేది యావరేజ్ వ్యూ డ్యూరేషన్. ముందు చూసినవాళ్లలో ఎంతమంది మళ్లీ వచ్చారో చెప్పే లెక్క నాలుగోది.

సగానికి సగం చానెళ్లలో, వీడియోల్లో క్లిక్ త్రూ రేట్ 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుందని యూట్యూబే చెబుతోంది. అంటే వంద మందికి కనిపిస్తే ఏ ఐదుగురో నొక్కడం మామూలే. కాబట్టి "నా వీడియోను నూటికి తొంభై ఐదు మంది పట్టించుకోలేదు" అని కుమిలిపోవలసిన పనిలేదు. అందరికీ అంతే.

ఇప్పుడొక లెక్క వేద్దాం. ఇది నేను ఊహించిన ఉదాహరణ. ఒకరి వీడియోకు లక్ష వ్యూస్ వచ్చాయి. కానీ థంబ్‌నెయిల్‌లో ఉన్నది లోపల లేకపోవడంతో చూసినవాళ్లు సగటున 40 సెకన్లు ఉండి వెళ్లిపోయారు. మరొకరి వీడియోకు వచ్చినవి 6 వేలే. అయితే అది పదో తరగతి పిల్లలకు లెక్కల పాఠం. 15 నిమిషాల పాఠంలో సగటున 12 నిమిషాలు కూర్చుని విన్నారు. మొదటిదాన్ని జనం చూసిన మొత్తం సమయం దాదాపు 1,111 గంటలు. రెండోదాన్ని చూసిన సమయం 1,200 గంటలు. లక్ష వ్యూస్ వీడియో కన్నా 6 వేల వ్యూస్ పాఠమే జనం జీవితంలో ఎక్కువ సమయం పొందింది. బయటినుంచి చూసేవాళ్లకు మాత్రం మొదటిది పదహారు రెట్లకు పైగా గొప్పగా కనిపిస్తుంది.

వీటన్నిటికన్నా నాకు విలువైనదిగా తోచేది రిటెన్షన్ గ్రాఫు. వీడియో మొదటి సెకను నుంచి చివరిదాకా ఎక్కడెక్కడ ఎంతమంది ఉన్నారో, ఎక్కడ లేచి వెళ్లిపోయారో ఆ గీత చూపిస్తుంది. మొదటి అర నిమిషంలోనే గీత నిట్టనిలువుగా పడిపోయిందంటే, "హాయ్, హలో, లైక్ కొట్టండి, షేర్ చేయండి, సబ్‌స్క్రైబ్ చేసుకోండి, బెల్ ఐకాన్ నొక్కండి" అని మీరు చెబుతున్నంతసేపట్లో జనం వెళ్లిపోయి ఉండవచ్చు. మధ్యలో ఒకచోట గీత పైకి లేచిందంటే, ఆ ముక్కను వెనక్కి తిప్పి మళ్లీ చూశారని అర్థం. అక్కడ మీరేదో పనికొచ్చేది చెప్పారు, లేదా అర్థంకాకుండా చెప్పారు. రెండింటిలో ఏదో కామెంట్లు చదివితే తెలుస్తుంది. వ్యూస్ అంకె మీ వీడియోకు మార్కులు వేసినట్టు అనిపిస్తుంది గానీ, ఎక్కడ బాగుందో ఎక్కడ బాగాలేదో చెప్పదు. ఈ గీత చెబుతుంది.

కామెంట్లలో కూడా సంఖ్య కన్నా సారం చూడండి. "సూపర్ అన్నా" అని వందమంది రాయడం సంతోషమే. "మీరు చెప్పినట్టు చేశాం, ఫలానా దగ్గర ఇబ్బంది వచ్చింది, ఏం చేయాలి?" అని ఒక్కరు అడిగితే మాత్రం, మీ మాట తెరను దాటి పొలంలోకో, వంటింట్లోకో, పుస్తకంలోకో వెళ్లిందని రుజువు.

డబ్బు సంగతీ చెప్పుకోవాలి, ఎందుకంటే చాలామందికి ఇది బతుకుతెరువు. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు, ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్ గానీ, 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ గానీ ఉండాలి. పెద్ద వీడియోల విషయంలో ఇక్కడ కూడా గంటల లెక్కే. ఆ తర్వాత వచ్చే డబ్బు వ్యూస్‌ను బట్టి మాత్రమే ఉండదు. చూసినవాళ్లు ఏ దేశంలో ఉన్నారు, వీడియో ఏ విషయం మీద, ప్రకటనలు ఎన్ని నడిచాయి, ఇవన్నీ కలుస్తాయి. ఒకే తెలుగు వీడియోను హైదరాబాద్‌లో చూసినప్పుడూ, డల్లాస్‌లో చూసినప్పుడూ వచ్చే మొత్తం ఒకటి కాదు. అందుకే "ఫలానావాళ్లకు ఇన్ని వ్యూస్, కాబట్టి ఇన్ని లక్షలు" అని బయటి నుంచి లెక్కలు కట్టి, ఆ ఆశతో ఉద్యోగం మానేయడం ప్రమాదం.

మరొక మాట. ఈ అంకెలన్నీ ఎవరింట్లో ఉన్నాయో మరిచిపోకూడదు. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. అప్పటికి మన రెండు రాష్ట్రాల పల్లెల్లో ఎంతోమంది దానితోనే గుర్తింపు తెచ్చుకున్నారు. వాళ్లు పోగుచేసుకున్న ఫాలోవర్లు, వ్యూస్ ఒక్కసారిగా చేతికందకుండా పోయాయి. ఆ తర్వాత మళ్లీ నిలదొక్కుకున్నది ఎవరు? పాటో, హాస్యమో, నటనో, వంటో, ఏదో ఒక విద్య చేతిలో ఉన్నవాళ్లు. అంకె పోయినా విద్య పోలేదు.

కాబట్టి వీడియో చేసే ప్రతివాళ్లూ మొదట వేసుకోవలసిన ప్రశ్న, ఇది ఎవరికోసం, ఎందుకోసం అన్నది. దానికి జవాబు దొరికితే కొలత దానంతటదే దొరుకుతుంది. ఒక మండలంలో వెయ్యి మంది పత్తి రైతులకు గులాబీ రంగు పురుగు గురించి సమయానికి చెప్పాలన్నది మీ ఉద్దేశమైతే, అందులో ఎనిమిది వందల మంది చూస్తే అది ఘనవిజయం. లోకం దృష్టిలో 800 వ్యూస్ అంటే వైఫల్యం. ఆ వీడియో అదృష్టవశాత్తూ ఇతర రాష్ట్రాలకు పాకి లక్ష వ్యూస్ తెచ్చుకున్నా, ఆ మండలం రైతులు చూడకపోతే మీ పని కాలేదన్నమాటే.

తెలుగు నేలే దీనికి మంచి ఉదాహరణ ఇచ్చింది. గ్రాండ్‌పా కిచెన్ పేరుతో వంట వీడియోలు చేసిన నారాయణరెడ్డి గారిని మీలో చాలామంది చూసే ఉంటారు. ఆరుబయట కట్టెల పొయ్యి మీద, పెద్ద పెద్ద పాత్రల్లో వండేవారు. 2019 అక్టోబరులో ఆయన కన్నుమూసేనాటికి ఆ చానెల్‌కు 60 లక్షలకు పైగా సబ్‌స్క్రైబర్లున్నారు. పేరున్న అంకే అది. కానీ ఆయన వీడియో వంటతో ముగిసేది కాదు. వండినదంతా అనాథ పిల్లలకు వడ్డించడంతో ముగిసేది. అక్కడ వ్యూస్ పిల్లల భోజనానికి దారి అయ్యాయి. గమ్యం ముందు నిర్ణయమైంది, అంకె దాని వెనక నడిచింది. అలాగే వందేళ్లు దాటిన వయసులో కంట్రీ ఫుడ్స్ చానెల్‌లో వంట చేసిన మస్తానమ్మ గారు. 2018 డిసెంబరులో ఆమె పోయారన్న వార్తను దేశవిదేశాల పత్రికలు రాశాయి. ఆమె థంబ్‌నెయిల్ చూసి ఆగినవాళ్లను మళ్లీ మళ్లీ రప్పించింది ఏ ఉపాయమూ కాదు. చేతివేళ్లతో అల్లం పొట్టు తీసేసే ఆ నైపుణ్యం, బోసినవ్వు, జీవితమంతా వండిన అనుభవం. అలా మళ్లీ వచ్చేవాళ్లే ఏ చానెల్‌కైనా ఆస్తి.

ఇక వీడియోలు చేయనివాళ్లు, చూసేవాళ్లు. మనలో ఎక్కువమంది అదే కదా. మనకు బాధ్యత లేదనుకోవద్దు. ఇక్కడ నొక్కిన ప్రతి నొక్కూ ఒక ఓటు. ఎవరో నటుడు పోయాడనో, ఎవరి కాపురమో కూలిందనో థంబ్‌నెయిల్ కనిపిస్తే, నిజమో కాదో చూద్దామని నొక్కినా ఆ ఓటు పడిపోతుంది. నొక్కకుండా దాటండి. ఆ వీడియో మీద ఆసక్తి లేదని చెప్పే మీట ఉంటుంది, దాన్ని వాడండి. మంచి పాఠం, మంచి పాట, నిజాయితీగా చెప్పిన వార్త దొరికినప్పుడు చివరిదాకా చూడండి. ఉపయోగపడితే ఎలా ఉపయోగపడిందో రెండు మాటలు రాయండి. మీరు వెచ్చించిన ఆ పది నిమిషాలు, ఆ రెండు మాటలు, మరో పది మందికి ఆ వీడియో కనిపించేలా చేస్తాయి. చేసినవాళ్లకు ఇంకొకటి చేసే ధైర్యాన్నిస్తాయి.

అలాగే పిల్లలు ఇంట్లో వీడియో చేసి చూపిస్తే, "ఎన్ని వ్యూస్ వచ్చాయి?" అని అడగకండి. "ఇది ఎవరు చూడాలని చేశావు? వాళ్లు చూశారా? చూసి ఏమన్నారు?" అని అడగండి. ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన పిల్ల వంద వ్యూస్ వచ్చినా కుంగిపోదు, పది లక్షలు వచ్చినా దారి తప్పదు.

వ్యూస్ చూసుకోవద్దని నేను అనడం లేదు. చూసుకోండి. మన మాట కొందరి తలుపు దాకా వెళ్లిందని అవి చెబుతాయి, ఆ సంతోషం నిజమైనదే. కానీ అక్కడితో ఆగిపోకండి. ఎంతసేపు ఉన్నారో చూడండి, ఎవరు మళ్లీ వచ్చారో చూడండి, ఏమని రాశారో చదవండి. ఆ తర్వాత, మీరు చేయాలనుకున్న పని జరిగిందా లేదా అని మిమ్మల్ని మీరే అడగండి. ఆ చివరి ప్రశ్నకు జవాబు ఏ సంస్థ సర్వర్‌లోనూ ఉండదు. దాన్ని ఇంకొకరి చేతికి అప్పగించకండి.